పద్నాలుగు దినాలు, ఒక బెంగాలీ డాక్టరు

మా రేణిగుంటలో మా సందులోనే ఉండే ఒక చెల్లెలు పోయిన వారం నుంచి మెట్లు దిగాలన్నా భయపడతా ఉంది. తుమ్మొచ్చినా పొత్తికడుపు పట్టుకుంటుంది. పెండ్లయి తొమ్మిదేండ్లు. ఐవీఎఫ్ ఇది రెండో తడవ. తిరుపతిలో ఒక ఆస్పత్రిలో పిండాన్ని గర్భసంచిలో పెట్టి ఇంటికి పంపినారు. పద్నాలుగో దినం రక్తం తీసి చూస్తారు. నిలిచిందా లేదా అనేది ఆ పొద్దు తేలుతుంది. అందాక చేసేది ఏమీ లేదు. ఎదురు చూడాలంతే.

ఈ ఎదురుచూపు ఎంత పాడుదో పక్కనుండి చూస్తే గానీ తెలీదు తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. రొమ్ములు బరువుగా ఉంటే నిలిచిందనుకుంటుంది. మరుసటి పొద్దు తేలిగ్గా ఉంటే పోయిందని ఏడుస్తుంది. నిజానికి ఆ బరువు, ఆ అలసట, ఆ వికారం, ఇవన్నీ వాళ్లిచ్చే ప్రొజెస్టిరాన్ మాత్రలు, సూదుల వల్ల కూడా వస్తాయి. నిలిచినా అట్లనే ఉంటుంది, నిలవకపోయినా అట్లనే ఉంటుంది. వొంటి గుర్తులు చూసి ఏమీ చెప్పలేం. ఐదో దినమే మందుల షాపులో మూత్రం కార్డు కొనుక్కొచ్చి బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. నేను లాక్కున్నాను. పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది కొలిచేంత పెరగడానికి దినాలు పడుతుంది. తొందరపడి చూస్తే నిలిచినోళ్లకు కూడా లేదనే చూపిస్తుంది. గుడ్లు పండేదానికి చివర్లో హెచ్‌సీజీ సూదే వేసి, అదే నెలలో పిండం పెట్టుంటే, ఆ సూది మందు వొంట్లో మిగిలి లేనిదాన్ని ఉన్నట్టు చూపించొచ్చు. రెండు రకాలా మోసమే.

ఇంట్లో అత్తకు తెలీదు, ఆడబిడ్డకు తెలీదు. థైరాయిడ్ చూపించుకోను పోతా ఉండానని చెప్పి తిరుపతికి పోయొస్తా ఉంది. తాళిబొట్టు గొలుసు కుదువలో ఉంది, మెడలో ఉండేది గిల్టుది. గ్రూపు లోను ఇంకోపక్క. మొగుడికి తెలుసు, నాకు తెలుసు, ఇంగ ఎవురికీ తెలీదు.

ఒక మాపటేళ మిద్దె మీద కూర్చోనుంటే అడిగింది, అక్కా, దీన్ని మొదట కనిపెట్టినోళ్లు ఎవురు, మన దేశంలో ఎవురు చేసినారు అని. నేను డాక్టర్ని కాదు, పదో తరగతి తప్పినదాన్ని. అయినా ఆ కథ నాకు తెలుసు. మా మీటింగుల్లో ఒకాయన ఎప్పుడో చెప్పినాడు, తర్వాత నేను వెతుక్కోని చదివినాను. ఆ చెల్లెలికి రోజుకు కొంచెం కొంచెంగా చెప్పుకుంటా వచ్చినాను. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తాను.

ఆయన పేరు సుభాష్ ముఖోపాధ్యాయ. ముఖర్జీ అని కూడా రాస్తారు. 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టినాడు. అప్పుడది బీహారు, ఇప్పుడు జార్ఖండ్. కలకత్తాలో డాక్టరు చదివి 1955లో పట్టా తీసుకున్నాడు. దాంతో ఆగలేదు. బిడ్డలు ఎట్ల పుడతారు, యాడ అడ్డం పడుతుంది, హార్మోన్లు ఏం చేస్తాయి అనేదాని మీద కలకత్తా యూనివర్సిటీలో 1958లో డాక్టరేటు. మళ్లీ ఇంగ్లండు దాటి స్కాట్లాండు పోయి ఎడిన్‌బరోలో హార్మోన్లు కొలిచే విద్య నేర్చుకోని 1967లో రెండో డాక్టరేటు. అంత చదివినోడు ఆడనే ఉండిపోయుంటే ఈ కథ వేరేగా ఉండేది. తిరిగొచ్చినాడు. సర్కారు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పే అయ్యవారుగా చేరినాడు. జీతం మీద బతికే మనిషి. పెద్ద ల్యాబు లేదు, విదేశీ దుడ్లు లేవు.

ఆయనకు ఇద్దరు తోడు దొరికినారు. సునీత్ ముఖర్జీ అని, చలువలో గడ్డకట్టించి జీవాన్ని చెడిపోకుండా దాచే విద్య తెలిసినాయన. సరోజ్ కాంతి భట్టాచార్య అని ఆడోళ్ల డాక్టరు. ఈ ముగ్గురే.

అదే కాలంలో ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త, పాట్రిక్ స్టెప్టో అనే డాక్టరు, జీన్ పర్డీ అనే నర్సమ్మ ఇదే పని మీద ఉండారు. వాళ్లకూ సుళువుగా కాలేదు. ఏండ్ల తరబడి నిలవలేదు. మొదట నిలిచిన గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచింది, తీసేయాల్సి వచ్చింది. వాళ్ల దగ్గరికి పోయిన ఆడోళ్లు ఎంతమంది ఉత్త చేతులతో తిరిగొచ్చినారో. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కడాకు 1978 జులై 25న లూయిస్ బ్రౌన్ పుట్టింది. లోకమంతా టెస్ట్ ట్యూబ్ బేబీ అని పేపర్లు మోగిపోయినాయి.

ఇంకా రెండున్నర నెలలు కూడా కాలేదు. 1978 అక్టోబరు 3న, దసరా రోజుల్లో, కలకత్తాలో ఒక ఆడపిల్ల పుట్టింది. దుర్గమ్మ పండగ కదా, పిల్లకు లోకం పెట్టుకున్న పేరు దుర్గ. తల్లికి ట్యూబులు చెడిపోయి బిడ్డలు కాలేదు. ఆమె గుడ్డును బయటికి తీసి, మొగుడి వీర్యంతో గాజుపాత్రలో కలిపి, పిండం చేసి పెట్టింది సుభాష్ ముఖోపాధ్యాయే. మన దేశంలో మొదటిది. లోకంలో రెండోది.

దీంట్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది రెండోది కావడం కాదు. ఆయన చేసిన దారి. ఇంగ్లండోళ్లు ఆడమనిషికి ఆ నెలలో సహజంగా వచ్చే ఒక్క గుడ్డు కోసం కాపు కాసినారు. పొట్టకు కన్నం పెట్టి దూర్బీను మాదిరి గొట్టం పంపి తీసినారు. ఈయన అట్ల చేయలేదు. ముందు హార్మోను సూదులిచ్చి ఒకేసారి ఎక్కువ గుడ్లు పండేటట్టు చేసినాడు. ఆ మందును నెలసరి ఆగిపోయిన ఆడోళ్ల మూత్రం నుంచి తీస్తారు, చెప్తే నమ్మరు. గుడ్లను పొట్ట మీద నుంచి కాకుండా యోని దారిలోనే తీసినాడు. పిండాలు తయారయినాక అప్పుడే లోపల పెట్టలేదు. సూదుల దెబ్బకు వొళ్లు గందరగోళంగా ఉంటుంది, గర్భసంచి సిద్ధంగా ఉండదు అని ఆయన లెక్క. అందుకని పిండాలను గడ్డకట్టించి దాచిపెట్టినాడు. 53 దినాలు. ఆమె వొళ్లు నిమ్మళపడి మామూలు నెలసరి వచ్చినాక, మంచు కరిగించి, అప్పుడు లోపల పెట్టినాడు.

ఇది చెప్తా ఉంటే ఆ చెల్లెలు నా చెయ్యి పట్టుకునింది. ఎందుకంటే ఆమెకు చేసింది అచ్చం ఇదే. పది దినాలు కడుపు మీద సూదులు. యోని దారిలోనే గుడ్లు తీసింది. పిండాలను గడ్డకట్టించి పెట్టి, రెండు నెలలు ఆగి, ఇప్పుడు పెట్టినారు. ఆమె ఎదురు చూసిన ఆ రెండు నెలలు, ఈ పద్నాలుగు దినాలు, కలకత్తాలో ఆ తల్లి కూడా చూసింది. తేడా ఏందంటే ఈమెకు ముందు లక్షల మంది ఈ దారిలో నడిచినారు. ఆ తల్లికి ముందు మన దేశంలో ఒక్కరూ లేరు. గడ్డకట్టించిన పిండం మళ్లీ బతుకుతుందని లోకంలో అప్పటికి ఎవురూ మనిషిలో చూపించలేదు. ఆస్ట్రేలియాలో అట్లాంటి గర్భం నిలిచింది 1983లో, అదీ నిలిచి పోయింది. అట్ల పెట్టిన పిండం బిడ్డగా పుట్టింది 1984లో. మన డాక్టరు వాళ్లకన్నా అయిదారేండ్లు ముందుండాడు.

ఇంగ కష్టం ఇక్కడ మొదలయింది.

పేపర్లలో వార్త వచ్చినాక కలకత్తా డాక్టర్లు, సర్కారోళ్లు మెచ్చుకోలేదు. మాకు చెప్పకుండా పేపరోళ్లకు ఎట్ల చెప్తావని మొదలుపెట్టినారు. నమ్మబుద్ధి కాలేదు. మన దేశంలో, ఆ కరెంటు కోతల్లో, ఒక కాలేజీ అయ్యవారు దీన్ని చేసినాడా అని. 1978 నవంబరులో రాష్ట్ర సర్కారు విచారణ కమిటీ వేసింది. ఆ కమిటీకి పెద్ద ఎవురనుకుంటారు? రేడియో ఫిజిక్స్ చదివిన ఆయన. కమిటీలో ఒక్కరికి కూడా పిండాన్ని బయట పెంచిన అనుభవం లేదు. ఉండే దారీ లేదు, దేశంలో ఆ పని చేసినోడు ఒక్కడే, ఆయన్నే బోనులో నిలబెట్టినారు. అంతా బోగస్ అని తేల్చేసినారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాల. అప్పుడు బెంగాల్లో ఉండింది ఎర్రజెండా సర్కారు, గెలిచి సంవత్సరం దాటింది. నేను కూడా ఎర్రజెండా పట్టుకున్నదాన్నే. మనోళ్లు చేసిన తప్పును మనమే గట్టిగా చెప్పకపోతే అవతలోళ్లు చెప్పేది అబద్ధం కలిపి చెప్తారు. ఆ పొద్దు మంత్రులకు సైన్సు తెలీకపోవడం తప్పు కాదు. తెలీనప్పుడు ఆఫీసర్ల మాట, పెద్ద డాక్టర్ల కుళ్లుమాట నమ్మి ఒక అయ్యవారిని బజారులో నిలబెట్టడం తప్పు.

మరి ఆయన దగ్గర సాక్ష్యం లేదా? ఉండింది. సాక్ష్యం ఆ పిల్లే. ఆ తల్లిదండ్రులే. వాళ్లొచ్చి మాకే పుట్టింది అని నిలబడుంటే ఏ కమిటీ నోరెత్తుతుంది? కానీ వాళ్లు బయటికి రాలేదు. సంప్రదాయంగా బతికే కుటుంబం. పిల్ల గాజులో పుట్టిందంట, ఎవురి బిడ్డో ఏమో అనే మాటకు భయపడినారు. డాక్టరు వాళ్లను బయటికి లాగలేదు. తన ఉద్యోగం, పరువు, ఇరవై ఏండ్ల పని, అన్నీ పోతా ఉంటే కూడా ఆ ఇంటి గుట్టు కాపాడినాడు.

ఇది వింటా ఆ చెల్లెలు చానాసేపు గమ్మున ఉండింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. ఆ తల్లిని తిట్టలేదు. నేనూ తిట్టలేను. మన ఊర్లల్లో పెండ్లయి ఆరు నెలలు తిరక్కముందే ఏమన్నా విశేషమా అని అడుగుతారు. రెండేండ్లు దాటితే సీమంతానికి పిలిచేది మానేస్తారు. పసిబిడ్డను ఎత్తుకోబోతే పక్కకు తీసుకుంటారు. గొడ్రాలు అనే మాట మొహం మీద అనకపోయినా వీపు వెనక వినిపిస్తుంది. బిడ్డలు కాని జంటల్లో దాదాపు సగం మందికి మొగోళ్ల వైపు నుంచి కూడా కారణముంటుంది, ఆ మాట ఎవురూ అనరు. నా తమ్ముళ్లు ఇది చదువుతా ఉంటారు కాబట్టి చెప్తా ఉండా, వీర్యం పరీక్ష ఒక చిన్న డబ్బాతో అయిపోయేది, ఖర్చు కూడా తక్కువ. అది చేయించుకోకుండా పెండ్లాన్ని నాలుగు ఆస్పత్రులు, ఆరు గుళ్లు తిప్పేవాళ్లను నేనెరుగుదును. లోకం మొత్తంలో ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో లెక్క చెప్పింది. మీ వీధిలో పదిళ్లు తీసుకోండి, లెక్కేసుకోండి.

డాక్టరు కథకు వస్తాను. 1979లో జపాన్ క్యోటో నుంచి పిలుపొచ్చింది, వచ్చి మీరు చేసింది చెప్పండి అని. సర్కారు పోనీలేదు. సర్కారు ఉద్యోగి కదా, అనుమతి కావాల. ఆ ఒక్క అవకాశం దొరికుంటే అవతలి దేశం శాస్త్రవేత్తలు ఆయన కాగితాలు చూసి ఉందురు. తర్వాత గుండెపోటు వచ్చింది. మెట్లెక్కలేని మనిషి అయినాడు. 1981 జూన్‌లో బదిలీ ఆర్డరు వచ్చింది. యాడికంటే కండ్ల ఆస్పత్రికి. హార్మోన్లు, అండాలు, పిండాలు తప్ప వేరే ధ్యాస లేని మనిషిని కండ్ల సంస్థలో కూర్చోబెట్టినారు. ఇంగ జన్మలో ఆ పని చేయకుండా.

1981 జూన్ 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. 50 ఏండ్లు. భార్య నమిత బడి పంతులమ్మ. దుర్గకు అప్పటికి మూడేండ్లు నిండలేదు.

ఆ చావును ఎవురైనా గొప్పగా చెప్తే నాకు నచ్చదు. ఆయన బతికుండాల్సింది. ఇంకొక పదహారేండ్లు బతికుంటే తన పేరు తన చెవులతో వినుండేవాడు. 1990లో ఆయన బతుకును ఆధారం చేసుకోని తపన్ సిన్హా ఏక్ డాక్టర్ కీ మౌత్ అని హిందీ సినిమా తీసినాడు, పంకజ్ కపూర్, షబానా ఆజ్మీ చేసినారు. వీలైతే చూడండి.

ఆయన పోయినాక ఐదేండ్లకు, 1986 ఆగస్టు 6న, బొంబాయిలో హర్ష అనే పాప పుట్టింది. డాక్టర్ ఇందిరా హిందూజా, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ కలిసి చేసినారు. కాగితాలన్నీ పక్కాగా ఉండాయి. దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ ఇదే అని పుస్తకాల్లోకెక్కింది. ఆనంద్ కుమార్‌కు దేశమంతా పేరొచ్చింది.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదవండి. 1997లో ఆనంద్ కుమార్ ఒక సభకు కలకత్తాకు పోయినాడు. ఆడ సుభాష్ ముఖోపాధ్యాయ చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు, కాగితాలు ఆయన చేతికి వచ్చినాయి. వాటిని గమ్మున బీరువాలో పెట్టేసుంటే అడిగేవాడు లేడు. మొదటివాడనే పేరు ఆయనకే ఉండిపోయేది. ఆయన కూర్చోని చదివినాడు. లెక్కలు సరిచూసినాడు. ఆ తల్లిదండ్రులతో మాట్లాడినాడు. తర్వాత కరెంట్ సైన్స్ అనే పత్రికలో రాసినాడు, మొదటివాడిని నేను కాదు, ఆయనే అని. తన తలమీద కిరీటం తానే తీసి, చచ్చిపోయిన మనిషి తలమీద పెట్టినాడు. పక్క సీటోడు మంచిపేరు తెచ్చుకుంటేనే ఓర్వలేని ఆఫీసులు మనకు తెలుసు. ఇట్లాంటోళ్లూ ఉండారని ఆ చెల్లెలికి చెప్పినప్పుడే ఆ వారంలో మొదటిసారి ఆమె మొహం తేటపడింది.

2002లో భారత వైద్య పరిశోధన మండలి కూడా సుభాష్ పనిని ఒప్పుకునింది. మరుసటి ఏడు, 2003లో, దుర్గ తన 25వ పుట్టినరోజున అందరి ముందుకు వచ్చి, ఆయన చేతిలో తయారైన బిడ్డను నేనే అని చెప్పింది. తల్లిదండ్రులు చెప్పలేని మాట బిడ్డ చెప్పింది. అప్పటికి ఆయన పోయి 22 ఏండ్లు. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ ఇచ్చినారు. చచ్చినోళ్లకు నోబెల్ ఇవ్వరు. స్టెప్టోకు లేదు, జీన్ పర్డీకి లేదు, మనాయనకు ఎట్లా లేదు.

ఇంకొక మాట. ఆ చెల్లెలు రోజూ పొద్దున వేసుకునే పసుపుపచ్చ చిన్న మాత్ర ఫోలిక్ యాసిడ్. బిడ్డ వెన్ను, మెదడు సరిగ్గా కట్టుకునేదానికి ఇస్తారు, ఏఎన్ఎం కూడా పంచుతుంది. దాన్ని 1940లలో అమెరికాలో ల్యాబులో తయారుచేసిన జట్టును నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనకూ నోబెల్ రాలేదు. ఆమెకు చెప్తే మాత్రను అరచేతిలో పెట్టుకోని చూసింది. ఒక పక్క తెలుగాయన మాత్ర, ఒక పక్క బెంగాలీ ఆయన దారి. వేలూరుకు వైద్యానికి పోయే బెంగాలోళ్లు మన రేణిగుంట జంక్షన్ మీదనే కాట్పాడికి పోతుంటారు, కిటికీల్లో ఆ మొహాలు చూస్తా ఉంటాను. ఆ పెట్టెల్లో ఎవురికైనా ఆయన పేరు తెలుసో లేదో.

జీతం మీద బతికిన సర్కారు అయ్యవారు మొదలుపెట్టిన వైద్యం ఈ పొద్దు ఎవురి చేతుల్లో ఉందో చూడండి. మా చెల్లెలికి రెండు తడవలకూ కలిపి నాలుగు లక్షల దాకా అయింది. కంపెనీలో మొగుడి జీతం పద్నాలుగు వేలు. 2021లో చట్టం వచ్చింది, ఆస్పత్రులు రిజిస్టరు చేసుకోవాల, ఆడోళ్లకు 50 ఏండ్లు, మొగోళ్లకు 55 ఏండ్లు దాటకూడదు అని పెట్టినారు. మంచిదే. రేటు ఎంత ఉండాలో మాత్రం చట్టంలో లేదు. మొదటి తడవ నిలవనప్పుడు ఎందుకు నిలవలేదో ఆమెకు ఎవురూ కూర్చోబెట్టి చెప్పలేదు. బిల్లు మాత్రం చేతికిచ్చినారు. ప్రతి జిల్లా పెద్దాస్పత్రిలో ఈ వైద్యం ఉండాల, బిడ్డలు కాకపోవడం కూడా జబ్బే, జబ్బుకు ఉన్నట్టు దీనికీ సర్కారు కార్డు చెల్లాల. దీని కోసం కలెక్టరాఫీసు ముందు నలుగురం కూర్చునే దినం వస్తే నేను మొదటి వరసలో ఉంటాను. అయితే ఎవురి పేరు మీద అడిగేది? అడగాల్సినోళ్లంతా థైరాయిడ్ అని చెప్పుకోని తిరుగుతా ఉండారు.

ఈ రాత్రికి పదమూడు దినాలు అయిపోయినాయి. ఇది రాసేముందు ఆమెను అడిగినాను, నీ సంగతి రాయొచ్చా అని. రాయి, పేరు మాత్రం వద్దు అనింది. సరే అన్నాను. రేపు పొద్దున ఏడున్నర బస్సుకు ఇద్దరం తిరుపతికి పోతాం. రక్తం ఎనిమిదిన్నరకు తీస్తారంట, రిజల్టు మధ్యాన్నం మూడుకు. వాళ్ల అత్త దారికి తినండని నిమ్మకాయన్నం కలిపిస్తానని చెప్పింది. థైరాయిడ్ తొందరగా తగ్గాలని ఆమె కూడా మొక్కుకుంటా ఉంది పాపం.